దెబ్బతిన్నది నరమైతే, ఆపరేషన్ కండకెందుకు?

"పోయింది నరం అంటున్నారు. మరి ఆపరేషన్ కండకి చేస్తామంటారేం?"

కన్ను బయటి వైపుకి, అంటే కణత వైపుకి తిరగడం మానేసిన రోగికీ, అతని వెంట వచ్చిన ఇంటివాళ్లకీ మొదట తట్టే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. దీనికి సరైన జవాబు వినకుండా కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు, ఆపరేషన్ అయ్యాక "కన్ను ఇంకా పూర్తిగా పక్కకి పోవడం లేదే" అని కుమిలిపోతారు. ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది. వాళ్లు ఆశించింది మాత్రం అది ఇవ్వగలిగింది కాదు.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు వాళ్లకి కంటి జబ్బంటే చెన్నై దారే అలవాటు. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో మొదలైంది. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ తర్వాత ప్రపంచంలోకెల్లా పాతదిగా దానికి పేరు. నుంగంబాకం కాలేజ్ రోడ్డులోని శంకర నేత్రాలయని డాక్టర్ ఎస్.ఎస్. బద్రీనాథ్ 1978లో స్థాపించారు. పెద్ద కంటి ఆసుపత్రులన్నిటిలోనూ మెల్లకన్నుకీ, పిల్లల కళ్లకీ వేరే విభాగం ఉంటుంది. శుక్లాల విభాగానికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ విభాగం ఒకటుందనే తెలియదు. కన్ను పక్కకి తిరగనివాళ్లు వెతుక్కుంటూ వెళ్లవలసింది అక్కడికే.

కన్ను బయటికి ఎలా తిరుగుతుంది?

ఒక్కో కంటికి ఆరు కండలు. వాటిలో కంటిని కణత వైపుకి లాగే కండ ముఖ్యంగా ఒక్కటే, లేటరల్ రెక్టస్. దానికి ఎదురుగా ముక్కు వైపుకి లాగేది మీడియల్ రెక్టస్. పందిరి గుంజని అటొక తాడు, ఇటొక తాడు బిగించి నిటారుగా నిలబెడతారు. ఒక తాడు వదులైతే గుంజ రెండో వైపుకి ఒరుగుతుంది. కంటి సంగతీ అంతే. బయటి కండ పట్టు తప్పితే కన్ను ముక్కు వైపుకి ఒరిగిపోతుంది. అలా ఒరిగిన స్థితిలో నెలల తరబడి ఉంటే లోపలి కండ పొట్టిగా, బిరుసుగా తయారవుతుంది. అప్పుడు బయటి కండ కొంత కోలుకున్నా, బిగిసిపోయిన లోపలి కండ కంటిని కదలనివ్వదు.

ఈ బయటి కండ ఒక్కదాన్నే నడపడానికి ఒక నరం ఉంది. మెదడు నుంచి జతలు జతలుగా వచ్చే నరాల్లో అది ఆరోది. మెదడు కాండం నుంచి బయల్దేరి, పుర్రె అడుగు ఎముక మీదుగా ఎగబాకి, ఒక గట్టు దగ్గర వంపు తిరిగి, ముఖ్యమైన రక్తనాళాల పక్కగా కంటి గూట్లోకి చేరుతుంది. ఈ ప్రయాణంలో ఎక్కడ ఏం జరిగినా దెబ్బ దానికే. తల లోపల ఒత్తిడి పెరిగితే, జబ్బు మెదడులో ఎక్కడున్నా సరే, సాగి దెబ్బతినే నరాల్లో ఇది ముందుంటుంది. అందుకే "కన్ను తిరగడం లేదు" అని కంటి డాక్టర్ దగ్గరికి వెళితే ఆయన తలకి ఎంఆర్ఐ రాస్తాడు. అనవసరపు ఖర్చు పెట్టిస్తున్నారని అనుమానించకండి.

ఎందుకు పోతుంది?

మన దగ్గర పెద్దవాళ్లలో ముందు అనుమానించవలసింది షుగరూ బీపీ. నరానికి రక్తం అందించే సన్నటి నాళం మూసుకుపోతుంది. రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున లేచేసరికి వీధిలో ఒక్క స్కూటర్ రెండు స్కూటర్లుగా, పక్కపక్కన కనిపిస్తుంది. దూరంగా చూస్తే రెండు బొమ్మల మధ్య ఎడం ఎక్కువ, దగ్గరి పేపర్ చదివేటప్పుడు తక్కువ. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లు. ఇంతమంది ఉన్న దేశంలో ఈ జబ్బు ఎవరో ఒకరికి వచ్చే వింత కాదు. ఊరటనిచ్చే విషయమేమిటంటే, ఈ రకం పక్షవాతం చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

మిగతా కారణాలు అంత మెత్తనివి కావు. హెల్మెట్ లేకుండా బైకు మీద నుంచి పడి తలకి దెబ్బ తగలడం, మెదడు పొరల టీబీ, గడ్డలు, తల లోపలి ఒత్తిడి. పిల్లల్లో వైరల్ జ్వరం తర్వాత వచ్చి పోయేదీ ఉంటుంది, మెదడు కాండంలో గడ్డ వల్ల వచ్చేదీ ఉంటుంది. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పిల్లల విషయంలో స్కాన్ దాటవేయకూడదు. తలనొప్పి, వాంతులు, కాలూ చెయ్యీ తడబడటం, ఒళ్లు తూలడం, రెండో కన్ను కూడా తిరగకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఒక కంటిని అరచేత్తో మూయండి, తర్వాత రెండోదాన్ని మూయండి. ఏ కంటిని మూసినా బొమ్మ ఒక్కటే అయితే రెండు కళ్ల మధ్య పొత్తు చెడిందని అర్థం. ఒక కన్ను మూసినా రెండో కంటికి ఇంకా రెండు బొమ్మలే కనిపిస్తే శుక్లమో, అద్దాల పవరో, కంటి పైపొరో కారణం. అది వేరే వైద్యం.

అసలు నరం పోలేదేమో?

ఈ ప్రశ్న రోగులు అడగరు. డాక్టర్ మాత్రం తప్పకుండా వేసుకోవాలి. కన్ను బయటికి తిరగకపోవడానికి రెండు విరుద్ధమైన కారణాలుండొచ్చు. బయటికి లాగే బలం లేకపోవడం ఒకటి. లోపలి వైపు ఏదో పట్టి ఉంచడం రెండోది. అద్దంలో చూసుకుంటే రెండూ ఒకటే. ఆపరేషన్ మాత్రం పూర్తిగా వేరు.

పట్టి ఉంచేవి చాలా ఉన్నాయి. థైరాయిడ్ కంటి జబ్బులో లోపలి కండ ఉబ్బి గట్టిపడుతుంది. ముఖానికి దెబ్బ తగిలి ముక్కు వైపు ఎముక విరిగితే ఆ సందులో కండ ఇరుక్కోవచ్చు. పిల్లల్లో ఇలా ఇరుక్కుంటే నెలల తరబడి ఆగకూడదు, రోజుల్లోనే విడిపించాలి. ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్లకి కంటి మూలలో కండలాంటి పొర పెరగడం చూస్తుంటాం. దాన్ని తీయించుకున్నాక మళ్లీ మళ్లీ పెరిగితే అక్కడి మచ్చ కంటిని ముక్కు వైపుకి కట్టేస్తుంది. దగ్గరి చూపు బాగా ఎక్కువై మైనస్ నంబర్ చాలా పెద్దదైనవాళ్లలో కనుగుడ్డు పొడవు పెరిగి కండల నడుమ నుంచి పక్కకి జారుతుంది. బయటి కండ కిందికి దిగిపోయి, కంటిని బయటికి లాగే పని మానేస్తుంది. నరం నిక్షేపంగా ఉన్నా కన్ను లోపలికే ఉండిపోతుంది. దీనికి జపాన్ డాక్టర్ యోకోయామా పేరుతో ఒక పద్ధతి ఉంది. పై కండనీ బయటి కండనీ కనుగుడ్డు వెనక కలిపి కుట్టి, జారిన గుడ్డుని మళ్లీ కండల మధ్యకి తెస్తారు. ఇక సాయంత్రానికి రెప్ప వాలిపోయి, పొద్దునకి తేరుకుంటూ ఉంటే మయస్తీనియా అనే జబ్బుని అనుమానించాలి. దానికి ముందు చేయవలసింది మందుల వైద్యమే.

తేడా ఎలా పట్టుకుంటారు? కంట్లో మత్తు చుక్కలు వేసి, సన్నటి పటకారుతో నల్లగుడ్డు అంచు దగ్గర పట్టుకుని కంటిని బయటికి నెట్టి చూస్తారు. సులువుగా కదిలితే లోపల పట్టేసినదేమీ లేదు, లోపం బలానిది. కదలనని మొండికేస్తే ఏదో పట్టి ఉంచుతోంది. తర్వాత అలాగే పట్టుకుని "బయటికి చూడండి" అంటారు. బయటి కండలో ఏ కాస్త ప్రాణం మిగిలినా పటకారుకి ఆ గుంజుడు తెలుస్తుంది. వినడానికి భయంగా ఉన్నా మత్తు చుక్కల వల్ల నొప్పి తెలియదు. ఏ ఆపరేషన్ చేయాలో తేల్చడంలో ఈ రెండు నిమిషాల పరీక్షకి ఉన్నంత విలువ ఎన్నో ఖరీదైన పరీక్షలకి లేదని నా నమ్మకం.

ఆరు నెలలు ఎందుకు ఆగమంటారు?

నరం తనంతట తాను కోలుకోవచ్చు కాబట్టి. ఈ రోజు కండని కోసి, మూడు నెలలకి నరం తేరుకుంటే కన్ను అవతలి వైపుకి ఒరుగుతుంది. అందుకే కొలతలు నెలల తరబడి మారకుండా నిలకడగా ఉన్నాయని తేలేదాకా, మామూలుగా ఆరు నెలలు, కత్తి పట్టరు. థైరాయిడ్ జబ్బులోనూ కంటి కొలతలు నిలకడకి వచ్చాకే ఆపరేషన్.

ఆగడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. కారణం వెతకడం మొదటి రోజే మొదలుకావాలి. రెండు బొమ్మల బాధ తప్పించడానికి కళ్లద్దంలో ఒకదానికి మసక టేపు అంటిస్తారు, లేదా ఫ్రెనెల్ ప్రిజమ్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. చిన్నపిల్లల్లో మూసిన కంటికి చూపు మందగించే ప్రమాదముంది కాబట్టి ఏ కంటిని ఎన్ని గంటలు మూయాలో డాక్టరే చెప్పాలి. లోపలి కండకి బొటాక్స్ ఇంజెక్షన్ ఇవ్వడం ఇంకో దారి. ముఖం మీద ముడతల మందుగా అందరికీ తెలిసిన ఈ బొటాక్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ అలన్ స్కాట్ మొదట తయారుచేసుకున్నది మెల్లకన్ను కోసమే. అమెరికా ప్రభుత్వం 1989లో అనుమతిచ్చింది కూడా మెల్లకన్నుకీ, రెప్పలు బిగుసుకునే జబ్బుకీనే. మూడు నెలలపాటు లోపలి కండ మెత్తబడి, బిగుసుకుపోకుండా ఉంటుంది. నరం కోలుకునే వేగాన్ని అది పెంచుతుందని మాత్రం అనుకోవద్దు.

ఆపరేషన్‌లో నిజంగా ఏం చేస్తారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. చచ్చిన ఆరో నరాన్ని బతికించే ఆపరేషన్ లేదు. కాబట్టి డాక్టర్ చేతిలో ఉన్నవి రెండే. బిగిసిన వైపుని వదులు చేయడం, లేని బలాన్ని పక్క కండల దగ్గర అరువు తేవడం.

బయటి కండలో కొంత బలం మిగిలి ఉంటే పని తేలిక. లోపలి కండ నల్లగుడ్డు అంచు నుంచి సుమారు 5.5 మిల్లీమీటర్ల దూరంలో అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి కుడతారు. దాని పట్టు తగ్గుతుంది. బయటి కండలో కొంత ముక్క తీసేసి పొట్టి చేస్తారు. దానికి బిగువు వస్తుంది. ఎన్ని మిల్లీమీటర్లన్నది ప్రిజమ్‌లతో కొలిచిన కోణాన్ని బట్టి నిర్ణయిస్తారు.

బయటి కండ పూర్తిగా చచ్చుబడితే దాన్ని బిగించి లాభం లేదు. కొన్నాళ్లకే మళ్లీ సాగిపోతుంది. అప్పుడు పైకి చూసే కండనీ, కిందికి చూసే కండనీ వాటి చోటి నుంచి కదిపి, బయటి కండ పక్కకి తెచ్చి కుడతారు. ఈ ఆలోచన వందేళ్ల పైమాటే. జర్మనీలో హుమెల్‌షైమ్ 1907లో ఆ కండల్ని నిలువునా చీల్చి సగం సగం మార్చాడు. 1964లో జెన్సన్ కండల్ని మొదలంటా కోయకుండా, చీల్చి పక్కపక్క సగాల్ని కలిపి ముడేసే పద్ధతి చెప్పాడు. 1997లో ఫాస్టర్, అలా చోటు మార్చిన కండల్ని కాస్త వెనకగా బయటి కండకి ఆనించి అదనపు కుట్టు వేస్తే లాగుడు పెరుగుతుందని చూపించాడు. ఇప్పుడు కొందరు రెండు కండల్ని కాక పై కండ ఒక్కదాన్నే మార్చి, లోపలి కండని వదులు చేస్తున్నారు.

పైకి చూసే కండ కంటిని బయటికి ఎలా తిప్పుతుంది? మెదడు దానికి "బయటికి లాగు" అని ఆజ్ఞ ఇవ్వదు, ఇవ్వలేదు కూడా. కానీ చోటు మారిన కండకి సహజంగా ఉన్న సాగుడు, బిగువు ఇప్పుడు కణత వైపుకి పనిచేస్తుంది. మనిషి బయటికి చూడాలనుకున్నప్పుడు లోపలి కండ సడలుతుంది. ఆ సడలిన మేరకి ఈ బిగువు కంటిని బయటికి తెస్తుంది. అందుకే ఫలితానికి హద్దుంది. మామూలు కన్ను బయటికి దాదాపు 45 డిగ్రీలు తిరుగుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత అంత రాదు. రావలసినది నేరుగా ముందుకి చూస్తే ఒకే బొమ్మ, తల తిప్పకుండా రోడ్డు దాటగలిగే చూపు, ఎదుటి మనిషి కళ్లలోకి తిన్నగా చూడగలగడం. బాగా పక్కకి చూస్తే రెండు బొమ్మలు మిగలొచ్చు. నేను దీన్ని అపజయం అనను. నెలల తరబడి ఒక కన్ను మూసుకుని బతికిన మనిషికి ఇది చాలా పెద్ద లాభం.

షుగర్ ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నాలుగు రెక్టస్ కండలతో పాటు ఏడు చిన్న రక్తనాళాలు కంటి ముందు భాగానికి వెళతాయి. బయటి కండతో ఒకటి, మిగతా మూడింటితో రెండేసి. ఒకే కంటిలో ఒకేసారి మూడు కండల్ని కోస్తే ఆరు నాళాలు తెగే ప్రమాదముంది. వయసు మీదపడి, నాళాలు ముందే పాడైనవాళ్లలో కంటి ముందు భాగానికి రక్తం చాలక చూపుకే ముప్పు రావచ్చు. అందుకే మీ డాక్టర్ "రెండు విడతలుగా చేద్దాం" అంటే డబ్బు కోసమని అనుకోకండి. 2003లో జపాన్‌కి చెందిన నిషిదా చెప్పిన పద్ధతిలాగా కండని మొదలంటా కోయకుండా కుట్టుతోనే పక్కకి జరపడం, లోపలి కండని కోయకుండా బొటాక్స్ వాడటం, ఇవన్నీ ఆ నాళాల్ని కాపాడటానికే.

పుట్టుకతోనే తిరగని కన్ను

డ్యువాన్ సిండ్రోమ్ కథ వేరు. ఇందులో ఆరో నరం పుట్టుకతోనే ఏర్పడదు, లేదా సరిగా ఏర్పడదు. లోపలి కండకి వెళ్లవలసిన నరం నుంచి ఒక కొమ్మ దారి తప్పి బయటి కండకి చేరుతుంది. అందువల్ల కన్ను బయటికి తిరగదు. పైగా ముక్కు వైపుకి చూసినప్పుడు రెండు కండలూ ఒకేసారి లాగడంతో కనుగుడ్డు వెనక్కి వెళ్లి రెప్పల సందు చిన్నదవుతుంది. అమ్మాయిల్లో ఎక్కువ, ఎడమ కంట్లో ఎక్కువ. అమెరికా డాక్టర్ అలెగ్జాండర్ డ్యువాన్ 1905లో వివరంగా రాశాడు కనుక ఆయన పేరు నిలిచింది.

ఈ పిల్లలకి సాధారణంగా రెండు బొమ్మలు కనిపించవు. ముఖాన్ని కొంచెం పక్కకి తిప్పి హాయిగా చూస్తారు. ఫొటోల్లో ఎప్పుడూ ఒకే వైపుకి తల తిప్పి ఉంటే ఇదే ఆనవాలు. కన్ను పూర్తిగా తిరగడం లేదన్న ఒక్క కారణానికి వీళ్లకి ఆపరేషన్ అక్కర్లేదు. నేరుగా చూసినా మెల్ల ఉంటే, తల మరీ పక్కకి తిరిగి మెడకి ఇబ్బందైతే, కన్ను ఉన్నట్టుండి పైకో కిందికో ఎగిరిపడుతుంటే అప్పుడు ఆలోచించాలి. మామూలు మెల్లలో చేసినట్టు బయటి కండని పొట్టి చేస్తే కనుగుడ్డు ఇంకా వెనక్కి గుంజుకుంటుంది. కాబట్టి లోపలి కండని వదులు చేయడానికే, అవసరమైతే పై కండని మార్చడానికే మొగ్గు చూపుతారు. "మెల్లకన్ను అదృష్టం" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి చూపించకుండా వదిలేస్తే, కొందరు పిల్లల్లో మెల్ల ఉన్న కంటికి చూపు ఎదగదు. అది పెద్దయ్యాక ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. అదృష్టమనుకుని కూర్చోవద్దు.

బల్ల మీద, ఆ తర్వాత

కన్ను బయటికి తీసి కుడతారన్న భయం చాలామందికి ఉంది. తీయరు. తెల్లగుడ్డు మీది పల్చటి పొరని కొంచెం తెరిచి, కండని పట్టుకుని పని చేస్తారు. పిల్లలకి పూర్తి మత్తు, పెద్దలకి అవసరాన్ని బట్టి. కండని లాగినప్పుడు గుండె వేగం ఒక్కసారిగా తగ్గే ప్రతిచర్య ఒకటుంది. మత్తు డాక్టర్ ఆ పూటంతా గుండె రేటు మీద కన్నేసి ఉంచేది అందుకే. సర్జన్‌కి గడ్డు ఘడియ కుట్టు వేసేటప్పుడు. కండ అతుక్కునే చోటికి సరిగ్గా వెనక కనుగుడ్డు గోడ మందం 0.3 మిల్లీమీటర్లే. సూది అందులో సగం లోతుకే పోవాలి. పొరపాటు అరుదు, కానీ అనుభవం ఉన్న చేయి కావాలనేది ఇందుకే.

కొందరు పెద్దవాళ్లకి జారుముడితో కుట్టు వేసి, మత్తు దిగాక మెలకువగా కూర్చోబెట్టి, బొమ్మ ఒకటయ్యేదాకా సర్ది అప్పుడు ముడి బిగిస్తారు. ఎరుపు రెండు మూడు వారాలుంటుంది. కొంత గరగర, కాస్త నొప్పి మామూలే. ఉన్నట్టుండి నొప్పి పెరిగినా, చూపు తగ్గినా, చీము కనిపించినా వెంటనే వెళ్లాలి. రెండు బొమ్మలు కనిపించినంత కాలం, ఆపరేషన్‌కి ముందైనా తర్వాతైనా, బండి నడపవద్దు.

చెన్నైకే వెళ్లాలని లేదు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం అండగా, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలోనూ ఈ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా పాత ఫొటోలు, స్కాన్ ఫిల్ములు, షుగర్ రిపోర్టులు, ఇదివరకటి కంటి కొలతల చీటీలు వెంట తీసుకెళ్లండి. చిన్ననాటి ఫొటోలో తల పక్కకి తిరిగి ఉండటం చూసి, ఇది నిన్నటి జబ్బు కాదని తేల్చగల డాక్టర్లున్నారు.

సంతకం పెట్టే ముందు మీ డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. నా కంట్లో బలం లేదా, లేక ఏదో పట్టి ఉంచుతోందా? కొలతలు ఎన్ని నెలలుగా మారకుండా ఉన్నాయి? ఆపరేషన్ తర్వాత ఏ వైపు చూస్తే ఒకే బొమ్మ వస్తుంది, ఏ వైపు రాదు? ఈ మూడింటికీ మీకు అర్థమయ్యే తెలుగులో జవాబు వచ్చేదాకా, కావలిస్తే భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని, మళ్లీ మళ్లీ అడగండి. అడగడం మీ హక్కు.